డ్రైవర్ కనబడుటలేదు

వైశాఖ శుద్ధ పాడ్యమి

పోటు బాగుంది. లాంచీ బ్యాటరీ నిండుగా ఉంది. పొద్దున పిల్లరు 190 నుంచి 260 దాకా బియ్యం బస్తాలు చేరవేశాను. మధ్యాహ్నం అదే దారిలో ఖాళీ డబ్బాలు, ఒక నిండు గర్భిణి, ఆమె మేకపిల్ల. మేకపిల్లకు టిక్కెట్టు అడగలేదు.

లాంచీ ఆఫీసువాళ్ళు ఈ లాగ్‌లో బ్యాటరీ లెక్క తప్ప మరేదీ చదవరు. ఒకసారి "ఈ రోజు దారిలో ఏనుగు ఎదురైంది" అని రాసి పంపాను. సంతకం పెట్టి వెనక్కి పంపారు. కాబట్టి మిగిలిన జాగా అంతా నాదే అనుకుని ఇంటి సంగతులు కూడా ఇందులోనే రాసుకుంటున్నాను.

నా పేరు సామ్రాజ్యం. ఉండేది ఫ్లైఓవర్ మీద, పిల్లరు 212 దగ్గర, ఒక ఇనప కంటైనర్లో. ఆ పేరు పెట్టినప్పుడు మా నాన్నకు కింద కాస్త మాగాణి ఉండేదట. ఇప్పుడు దాని పైనుంచే రోజూ లాంచీ నడుపుతున్నాను.

సాయంత్రం పంతులుగారు వచ్చారు. బావ కనిపించకుండా పోయి రెండు తుపాను కాలాలు దాటాయి. బావ అంటే నా భర్త, వీరాస్వామి. నాకంటే ముందు ఈ లాంచీకి డ్రైవరు ఆయనే. మేనత్త కొడుకునే చేసుకున్నాను కనుక మా అత్త నాంచారమ్మ నాకు పెళ్ళికి ముందూ అత్తే, తర్వాతా అత్తే. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకు దహనం చేసి కర్మ జరిపించవచ్చునని శాస్త్రంలో ఉందట. దర్భలు కొండ మీది ఊళ్ళ నుంచి తానే తెప్పిస్తానన్నారు పంతులుగారు.

"మీరు శవాన్ని చూశారా పంతులుగారూ? నేను చూళ్ళా," అంది అత్త. "ఖాళీ లాంచీ కొట్టుకొచ్చింది గానీ మావోడు కొట్టుకురాలా."

ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. అత్త ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"అమ్మాయ్, వాడి మొహం నాకు గుర్తు రావటంలా."

నేను గిన్నె పక్కన పెట్టాను.

"గొంతు గుర్తుంది. నడక గుర్తుంది. మొహం కాడికొచ్చేసరికి ఖాళీ. మొహం తెలీకుండా ఎవరికని పిండం పెట్టమంటావే?"

నాకు కూడా సగమే గుర్తుంది. ఆ మాట కన్నతల్లి ముందు అనే ధైర్యం నాకు లేకపోయింది.

శుద్ధ విదియ

పోటు బాగుంది. తిరుగుదారిలో గాలి ఎదురు కొట్టింది.

బావ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఫోన్లో దిగినవన్నీ ఏదో కంపెనీ వాళ్ళ మిషన్లలో ఉండేవి. సముద్రం ఆ మిషన్లను కూడా వదల్లేదు. పెళ్ళి ఆల్బం ఉప్పునీళ్ళకు తడిసి పేజీకి పేజీ అంటుకుపోయింది. బలవంతాన విడదీస్తే నా పట్టుచీర అంచు మాత్రం మిగిలింది. గుర్తింపు కార్డు ఆయన జేబులోనే ఉండిపోయింది.

లాంచీ నడుపుతుండగా కంప్యూటర్ గుర్తొచ్చింది. బావకు కబడ్డీ ఆట పిచ్చి. నిజం కబడ్డీ ఆడటానికి ఫ్లైఓవర్ మీద మట్టి ఎక్కడిది? అందుకని పాత సామాన్ల పడవలో ఒక ఆటల కంప్యూటర్ బేరం చేసి తెచ్చాడు. ఆ ఆటలో ఆటగాడికి మన మొహమే పెట్టుకోవచ్చు. కెమెరా ముందు తల అటూ ఇటూ తిప్పి, గడ్డం పైకెత్తి, కిందికి దించి పెట్టాడు. నేను నవ్వి నవ్వి చచ్చాను. ఆ మొహం ఇంకా ఆ మిషన్లోనే ఉంది. ఫొటోగా లేదు, ఆట తెరిస్తేనే కనిపిస్తుంది.

పరదా తీసి, దుమ్ము దులిపి ఆన్ చేశాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. మిషను లేచింది గానీ తెర మీద అంతా గళ్ళు గళ్ళుగా, అక్షరాలు అరచేయంత ఉన్నాయి. ఆట గుర్తు మీద నొక్కితే ఒక్క ముక్క వచ్చింది.

"గ్రాఫిక్స్ డ్రైవర్ కనబడుటలేదు."

వెనక పేపర్లలో తప్పిపోయిన మనుషుల ఫొటో వేసి, పైన ఇదే మాట రాసేవారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సంగతి నాకు తెలియకనా? అత్త తెర వంక చూసి, నా వంక చూసి, మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి వెళ్ళిపోయింది. ఆట రాలేదని నిరాశపడిందనుకున్నాను.

శుద్ధ తదియ

లాంచీని 300వ పిల్లరు దగ్గర కాసేపు ఆపి వార్డు సర్వరు గదికి వెళ్ళాను. అక్కడ మీరావలి ఉంటాడు. ఫ్లైఓవర్ మీద ఏ మిషను మొరాయించినా అందరం అతని దగ్గరికే పోతాం. సగం బాగవుతాయి.

సంగతంతా విని చెప్పాడు. కంప్యూటర్లో బొమ్మలు గీసే కార్డు ఒకటి ఉంటుంది. దానికీ మిగతా మిషనుకూ మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రాం పేరే డ్రైవర్. బావ తప్పిపోయిన తుపాను రోజున మిషను తనంతట తాను కొత్త డ్రైవర్ తెచ్చుకుంటూ ఉండగా కరెంటు పోయి ఉంటుందట.

"పాత డ్రైవరు సగం పోయి సగం ఉందమ్మాయ్. పూర్తిగా పోయినా ఓ దారి. ఇట్టా తేలకుండా ఉంటేనే తంటా," అన్నాడు. అనేశాక నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఫర్లేదులే వలీ అన్నా. మందు చెప్పు," అన్నాను.

పాత కార్డుల డ్రైవర్లు సర్వరులో ఇంకా ఉన్నాయి. ఒక చిప్ మీద ఎక్కించి ఇచ్చాడు. కానీ చిప్ ఉంటే చాలదట. మిషన్లోకి ఎక్కేటప్పుడు వార్డు సర్వరు చేత ఒకసారి సరే అనిపించుకోవాలి. పౌర్ణమి నాటికి ఆ పాతవన్నీ తుడిచేసి, ఆ జాగాలో పోటు పటాలు పెడతారు. ఆ తర్వాత సర్వరు సరే అనదు, ఆ కార్డు ఇక ఎప్పటికీ బొమ్మ గీయదు.

"పౌర్ణమి లోపల కానిచ్చేయ్. తర్వాత నా చేతిలో లేదు," అన్నాడు వలీ.

శుద్ధ చవితి

మా కరెంటు ఎండ ఉన్నంతసేపే. పొద్దుగూకాక ఫ్లైఓవర్ మీది కరెంటంతా మంచినీళ్ళ మిషనుకే పోతుంది. ఈ నీరసపు కరెంటు మీద చిప్ విప్పుకోవటానికే మిషనుకు సగం పూట పడుతుందట. కాబట్టి పొద్దున మొదలుపెట్టి, "మధ్యలో ఆపకత్తా, దాని మానాన దాన్ని పోనీ," అని చెప్పి లాంచీ ఎక్కాను.

సాయంత్రం వచ్చేసరికి తెర మీద "అనుకూల పరికరం కనబడలేదు" అని ఉంది. భాషా చట్టం వచ్చినప్పటి నుంచీ మిషన్లన్నీ తెలుగులోనే మాట్లాడాలి. తర్జుమా కూడా వాటిదే. మొన్నటికి మొన్న రేషన్ మిషను నన్ను "గౌరవనీయ భోక్తా" అని పిలిచింది.

మూత విప్పి చూస్తే కార్డు అంచున ఉప్పు పేరుకుని ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, బట్టతో తుడిచి, మళ్ళీ దాని గాడిలో గట్టిగా నొక్కి బిగించాను. చేతులు పని చేస్తున్నంతసేపూ మనసు నిమ్మళంగా ఉంది.

శుద్ధ పంచమి

కార్డు దొరికింది! పొద్దున నా కళ్ళ ముందే "పరికరం గుర్తించబడినది" అని వచ్చింది. పని ఎంతయిందో చూపే గీత నిండుతూ పోతోంది. లాంచీ మీద రోజంతా పాటలు పాడుకున్నాను. ఒక ముసలాయన టిక్కెట్టు డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు.

సాయంత్రం చూస్తే తెర మళ్ళీ మొదటికొచ్చి ఉంది. "స్థాపన రద్దయినది. కారణం: వినియోగదారు రద్దు చేశారు."

వినియోగదారు ఎవరు? నేను నీళ్ళ మీద ఉన్నాను.

శుద్ధ షష్ఠి

మళ్ళీ అదే. "వినియోగదారు రద్దు చేశారు." దారిలో ఆగి వలీని అడిగాను.

"వాటి మొహం. ఏ తప్పు జరిగినా మిషను మనమీదే తోస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అన్నాడు. "కరెంటు తగ్గుతుందేమో చూడు. తగ్గితే అదే ఆపేసుకుని నీ పేరు చెప్తుంది."

కరెంటు ఎందుకు తగ్గుతుంది? మా తీగ మీద పక్క కంటైనరు ధనకోటి కొక్కెం వేస్తుందని అందరికీ తెలుసు. నిలదీశాను. ఆమె నన్ను, నా వంశాన్ని, నా లాంచీని కలిపి తిట్టింది. నేనూ తక్కువ తినలేదు. అత్త చేపలకు ఉప్పు రాస్తూ అంతా విన్నది. ఎప్పుడూ నాకు వంతపాడేది, ఇవాళ ఒక్క మాట సాయం రాలేదు.

శుద్ధ సప్తమి

ధనకోటి కొక్కెం తీసేసింది. మిషను మాత్రం మళ్ళీ ఆగింది. మళ్ళీ వినియోగదారే.

అన్నం తినబుద్ధి కాలేదు. తెర ముందు కూర్చుని ఆ గళ్ళ వంక చూస్తూ బావ మొహాన్ని గుర్తు చేసుకోవాలని చూశాను. చెవి వచ్చింది. మెడ మీద ఎండకు కమిలిన గీత వచ్చింది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మా నాన్న ముక్కు వచ్చింది. భయమేసి లేచిపోయాను.

శుద్ధ అష్టమి

లాంచీ సెలవు. అష్టమి నాడు పోటు మందంగా ఉంటుంది. నీళ్ళు లేవకపోతే మునిగిపోయిన రైతుబజారు కప్పు లాంచీ అడుగుకు తగులుతుంది.

ఇంట్లోనే ఉండి కాపలా కాద్దామనుకున్నాను. పొద్దున మొదలుపెట్టి, గీత నిండుతుంటే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం నీళ్ళ బండి గంట వినిపించింది. బిందె పట్టుకుని పరిగెత్తాను. వరసలో నా ముందు ధనకోటి ఉంది. ఇద్దరం ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాం.

తిరిగి వచ్చేసరికి అత్త తెర ముందు నిలబడి ఉంది. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. చివరిదాకా చదివి, నిటారుగా లేచి, రేషన్ మిషను మీద నొక్కినట్టే చూపుడువేలితో తెర మీద గట్టిగా నొక్కింది. గీత ఆగిపోయింది.

"అత్తా! ఏం చేస్తన్నావ్?"

ఆమె ఉలిక్కిపడలేదు. "అడుగుతన్నారు. చెప్తన్నా."

"ఎవరు అడుగుతన్నారు?"

"ఎవరేంటి? మీ లాంచీ ఆఫీసోళ్ళు. రోజూ నువ్వు ఇటు ఎల్లంగానే అటు అడుగుతన్నారు. నేనూ రోజూ కాదనే చెప్తన్నా. సిగ్గులేదు, మళ్ళీ అడుగుతారు."

నా బిందె ఇంకా చంకలోనే ఉంది. ఏమని అడిగారో నాకు తెలియదు. ఆ ప్రశ్న వచ్చే వేళకు నేను రోజూ నీళ్ళ మీదే ఉంటున్నాను. మళ్ళీ మొదలుపెట్టి, ఎండ ఉన్నంతలో అక్కడిదాకా తెచ్చాను. గీత సగం నిండాక తెర మీద అరచేయంత అక్షరాలతో వచ్చింది.

"పాత డ్రైవర్‌ను శాశ్వతంగా తొలగించి, అతని స్థానంలో కొత్త డ్రైవర్‌ను నియమించుటకు మీరు అంగీకరిస్తున్నారా? అవును. కాదు."

అత్త వైపు తిరిగాను.

"అత్తా, ఇది మిషను డ్రైవరు. మనిషి కాదు. బొమ్మలేసే ప్రోగ్రాం."

"'అతని స్థానంలో' అని రాసుంది. నాకు చదవటం రాదనుకున్నావా? రెండో క్లాసు దాకా చదివా. అచ్చరాలు ఇంతింత ఉన్నయ్యి."

అది నిజం. డ్రైవర్ లేకనే అక్షరాలు అంత పెద్దగా ఉన్నాయి. మామూలుగా అయితే ఆమె కళ్ళకు ఆనేవే కావు.

నేను ఈ లాంచీకి ఇన్‌ఛార్జిని మాత్రమే. ఉద్యోగం ఇప్పటికీ బావ పేరు మీదే ఉంది. నన్ను పర్మనెంటు చేయాలంటే ఆయన పేరు కొట్టేయాలి, అందుకు ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఇది అత్తకు తెలుసు. నాకు తెలుసు. ఇద్దరం ఎన్నడూ ఎత్తని మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"అంటే, నీ కొడుకు జాగాలో నన్నేస్తారనా రోజూ కాదంటన్నావ్?"

"నిన్ను కాదనలా," అంది అత్త. "వాణ్ణి తీసెయ్యమంటే కాదన్నా. రెండూ ఒకటి కాదే. రేపొచ్చి 'అమ్మా, నా లాంచీ ఏదే' అంటే ఏం చెప్పమంటావ్? నేనే తీసెయ్యమన్నానని చెప్పనా?"

శుద్ధ నవమి

లాంచీ నడవలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు గిన్నెలన్నీ మోగేలా తోమాను. అత్త తన కంచం తనే కడుక్కుంది.

మధ్యాహ్నం ధనకోటి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "నీ తప్పు నీకు తెలిసేసరికి మాకు రెండు రోజులు అన్నం ఉడకలా," అంది. అని, చింతకాయ పచ్చడి గిన్నెలో వేసి చేతికిచ్చింది. ఎందుకో అక్కడే, ఆ గుమ్మంలోనే ఏడ్చేశాను.

శుద్ధ ఏకాదశి

పోటు కాస్త లేచింది. ఒక్క ట్రిప్పు వేసి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను.

అత్త చేపలు అమ్మటానికి 240 వైపు వెళ్ళింది. పొద్దున మొదలుపెట్టి పోయిన మిషను సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర ఆగి నా కోసం చూస్తోంది. ఇంట్లో ఎవరూ లేరు. అవును అని నొక్కితే అయిపోతుంది. అది ప్రోగ్రాం గురించేనని నాకంటే బాగా ఎవరికి తెలుసు? కార్డు మీది ఉప్పు నా చేతులతో తుడిచాను.

వేలు ఎత్తాను. "శాశ్వతంగా తొలగించి" అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది. అంతకంటే తెలివితక్కువ పని మరొకటి లేదని తెలుసు. తెలిసీ కాదు అని నొక్కాను.

"స్థాపన రద్దయినది. కారణం: వినియోగదారు రద్దు చేశారు."

ఈసారి మిషను అబద్ధం చెప్పలేదు. అత్త వచ్చి అడిగితే మళ్ళీ ఆగిందని చెప్పాను. ఆమె నా మొహం వంక చూసి చేపల బుట్ట కింద పెట్టి, "నేను నొక్కలా," అంది. "తెలుసు," అన్నాను. అత్త అన్నం పెట్టి, నా కంచంలో పెద్ద ముక్క వేసింది.

శుద్ధ చతుర్దశి

పోటు పెద్దది. రేషన్ పడవ వచ్చింది. 212 దగ్గర జనం వరస కట్టారు. నేను లాంచీని స్తంభానికి కట్టి పైకి వచ్చేసరికి వరసలో గోల. ధనకోటి తమ్ముడు ఒకడున్నాడు, కొండ మీది ఊరి నుంచి నిన్ననే వచ్చాడు. అత్త వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "వీరాసామీ, ఒరే వీరాసామీ" అంటోంది. వాడు భయపడి బిగుసుకుపోయాడు. పొట్టివాడు, ఎర్రటివాడు, గుండ్రటి మొహం. బావకూ వాడికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

ఎవరో నవ్వారు. ధనకోటి వాళ్ళ నోరు మూయించి, అత్త చేతులు మెల్లగా విడదీసింది. "పెద్దమ్మా, మా తమ్ముడు. మా తమ్ముడే," అంది.

ఇంటికి తీసుకొచ్చి మంచినీళ్ళిచ్చాను. తాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కొంగు తీసి అంది.

"వాడే వచ్చి ఎదురుగా నిలబడ్డా నేను గుర్తుపట్టనే, అమ్మాయ్. ఎవురయ్యా నువ్వు అంటాను. తల్లిని గదా, అంతకన్నా పాపం ఏముంది?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. నాకూ గుర్తు లేదని, ముక్కు దగ్గరికొస్తే మా నాన్న ముక్కు వస్తోందని చెప్పాను. ఏకాదశి నాడు కాదని నొక్కింది నేనేనని కూడా చెప్పాను.

"మీ నాయన ముక్కే వాడిది," అంది అత్త. "మేనమామ పోలిక. నువ్వు మరిచిపోలా. నేనే మరిచిపోయా."

వైశాఖ పౌర్ణమి

లాంచీ ఆఫీసుకు: పౌర్ణమి పోటుకు దారి బాగుంది. అయినా ఇవాళ లాంచీ తీయలేదు. ఒంట్లో బాగాలేదని రాసుకోండి.

పొద్దున్నే మొదలుపెట్టాను. ధనకోటి తనంతట తానే వచ్చి తన వాటా కరెంటు కూడా మా తీగకు కలిపింది. వలీ దగ్గర నుంచి కబురు వచ్చింది, పొద్దు వాలేదాకా సర్వరు తుడవకుండా ఆపుతానని, అంతకు మించి వీల్లేదని.

అత్త తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఇద్దరం గీత నిండటం చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం ప్రశ్న వచ్చింది. అత్త కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. ఈసారి పైకే చదివింది.

"ఇది వాడు కాదు గదా?"

"కాదత్తా. ప్రోగ్రాం."

"వాడి పేరు అట్టాగే ఉంటది గదా ఆఫీసులో?"

"ఉంటది. నువ్వు చెప్పిందాకా ఎవరూ తీయరు."

"మరి దానికి డ్రైవరని పేరెందుకు పెట్టి చచ్చారే?" అంది. చేతిని పమిటకు తుడుచుకుని, వేలు ముందుకు చాపింది. నేను పట్టుకోబోతే వద్దంది. తనే అవును అని నొక్కింది.

తెర మొత్తం నల్లబడింది. డ్రైవర్ మారేటప్పుడు అలా అవుతుందని వలీ చెప్పాడు గానీ, నేను అత్తకు చెప్పటం మరిచిపోయాను. ఆమె కెవ్వుమంది. "పోయాడా?" అని నా భుజం పట్టుకుంది. "వస్తదత్తా, ఉండు, వస్తది," అన్నాను. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. తెర ఒకసారి మిణుకుమని ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. గళ్ళు లేవు. అక్షరాలు చిన్నవయ్యాయి. అత్త ఇక వాటిని చదవలేదు.

ఆట తెరిచాను. మట్టి బరి వచ్చింది, చుట్టూ జనం, బరి మధ్యలో ఎర్ర బనియను వేసుకుని బావ నిలబడి ఉన్నాడు. ఊపిరి పీలుస్తున్నాడు. కళ్ళు ఆర్పుతున్నాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు ఉంది. లంగరు కొక్కెం తగిలి చీరుకుంది, కట్టు కట్టింది నేనే. ఆ కట్టు గుర్తుంది నాకు, గాటును మాత్రం పూర్తిగా మరిచిపోయాను. ఎంత బాగున్నాడో! ఇంత మంచి మొహాన్ని ఎలా పోగొట్టుకున్నానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

అత్త కదలకుండా చూసింది. తర్వాత మెల్లగా అంది.

"చిక్కిపోయాడు."

"అది అప్పటి మొహమే అత్తా. ఇక్కడ కూర్చునే దించుకున్నాడు."

"అప్పుడే చిక్కిపోయాడు. ఎదురుగా ఉంటే నేనే చూళ్ళా."

బావ ఆడుతుంటే చూసిన అలవాటుకు నా చెయ్యి బటన్ల మీదికి పోయింది. ఒకటి నొక్కితే తొడ కొట్టాడు. అత్త కన్నీళ్ళలోనే ఫక్కున నవ్వింది. "ఎదవ, ఎప్పుడూ ఇదే," అంది. ఇంకోటి నొక్కాను. అది ఆట ముగిసి బరి వదిలేటప్పుడు ఆటగాడు జనానికి చెయ్యి ఊపే బటన్. బావ మా వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి ఊపాడు.

అత్త నవ్వు ఆగిపోయింది. ఆమె కూడా చెయ్యి ఎత్తింది.

మా ఇంట్లో గడప దాటే ఎవరినైనా అత్త "ఎల్లిరా" అనే పంపుతుంది. నీళ్ళకు వెళ్ళే నన్నైనా, పోట్లాడి పోతున్న ధనకోటినైనా అంతే. చివర 'రా' లేకుండా ఎవరినీ పంపకూడదు. ఆ తుపాను పొద్దున బావను కూడా అలాగే అని పంపింది. ఉత్త "ఎల్లు" అనేది పాడె లేచేటప్పుడు తప్ప అనే మాట కాదు.

"ఎల్లు నాయనా," అంది అత్త. "ఎల్లు."

పంతులుగారికి కబురు పెట్టమని నాతో చెప్పి, చేపలు ఎండాయో లేదో చూడటానికి బయటికి వెళ్ళింది.

నేను అక్కడే కూర్చుని ఆ బటన్ మళ్ళీ నొక్కాను. చెయ్యి ఊపాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఊపాడు. పొద్దు వాలి కరెంటు పోయేదాకా అలా నొక్కుతూనే ఉన్నాను. ఆ "ఎల్లు" అన్న మాట నా నోటికి రాలేదు.